దోసె పెనం, చపాతీ పీట, ఐసు ముక్క: ఉష్ణ ప్రసారం పాఠం పిల్లలకి నిలిచేలా చెప్పడం ఎలా

మేడం, మీ ఇబ్బంది నాకు అర్థమైంది. ఏడో తరగతి, యాభై మంది పిల్లలు, ల్యాబ్ అంటూ ప్రత్యేకంగా లేదు, చేతిలో రెండు మూడు బీకర్లు, ఒక థర్మామీటర్. అయినా పుస్తకంలో ఉన్న కృత్యాలన్నీ చేయించారు, పిల్లలూ హుషారుగా చేశారు. వారం తర్వాత అడిగితే మళ్లీ "ఇనుము చల్లటి వస్తువు టీచర్", "దుప్పటి వేడి పుట్టిస్తుంది టీచర్" అనే అంటున్నారు. వేడి ప్రసరించే మూడు పద్ధతులు, అంటే వహనం (వస్తువు గుండా పోవడం), సంవహనం (కదిలే నీరో గాలో మోసుకుపోవడం), వికిరణం (కిరణాలుగా పోవడం), వీటి నిర్వచనాలు మాత్రం గడగడా చెప్తున్నారు. ఎక్కడ తేడా వస్తోంది అని అడిగారు.

కృత్యాల్లో లోపం లేదు. పిల్లలు చేయబోయే ముందు ఏం జరుగుతుందో ఊహించి రాయలేదు, అక్కడే తేడా వస్తోంది. ఊహ రాయకపోతే ఏ ఫలితం వచ్చినా "ఓహో, అంతేగా" అనుకుంటారు. వాళ్ల మనసులో ఉన్న పాత అభిప్రాయానికి, కళ్లముందు జరిగినదానికి ఢీ తగలదు. అందుకని ప్రతి కృత్యానికి ముందు రెండు నిమిషాలు నోటు పుస్తకంలో ఊహ రాయించండి, కారణంతో సహా. చేతులెత్తమని అడగొద్దు. క్లాసులో తెలివైనవాడు ఎటు ఎత్తితే మిగతా వాళ్లూ అటే ఎత్తుతారు. రాశాక చెరపకూడదు, తప్పయినా మార్కులు పోవు అని ముందే చెప్పండి.

రెండోది, మూడు పద్ధతుల పేర్లతో పాఠం మొదలుపెట్టొద్దు. మొదటి వారమంతా ఒకే ప్రశ్న: వేడి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది? ప్రతి బొమ్మ మీదా బాణం గుర్తు వేయించండి. చల్లదనం అనేది ప్రయాణం చేసే వస్తువు కాదు, ఉష్ణం ఒక్కటే వెళ్తుంది, అదీ ఉష్ణోగ్రత ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి. ఈ ఒక్క ముక్క కుదిరితే మిగతా పాఠం దానంతటదే వస్తుంది. ఇది కుదరకుండా ఎన్ని ప్రయోగాలు చేయించినా ఆ రోజు సరదాతోనే సరి.

మొదటి పీరియడ్‌కి ఇంటి నుంచి ఒక దోసె పెనం, ఒక చపాతీ పీట పట్టుకెళ్లండి. పెనం మందపాటి ఇనుముదైతే మంచిది. రెండూ ముందు రోజు సాయంత్రమే తరగతి గదిలో నీడన పెట్టేయండి, రాత్రంతా ఒకే గదిలో ఉండాలి. పిల్లలు వరుసగా వచ్చి రెండింటి మీదా చేయి పెడతారు. పెనం చల్లగా, పీట మామూలుగా తగులుతుంది. ఇప్పుడు అడగండి: "రెండింటి మీదా ఒకే సైజు ఐసు ముక్క పెడితే ఏది ముందు కరుగుతుంది?" ఎక్కువమంది పీట మీదదే అని రాస్తారు. పెనం చల్లగా ఉంది కాబట్టి దాని మీద ఐసు ఎక్కువసేపు నిలుస్తుందని వాళ్ల లెక్క. లెక్కలో తర్కం ఉంది, దాన్ని మెచ్చుకోండి. తర్వాత ఐసు పెట్టండి. పెనం మీది ముక్క చూస్తుండగానే నీరైపోతుంది. పీట మీదది అలాగే కూర్చుని ఉంటుంది. క్లాసులో గోల మొదలవుతుంది. ఆ గోలని ఆపొద్దు, పాఠం అక్కడే ఉంది.

పలచటి స్టీలు కంచం వాడితే తేడా ఇంత బాగా కనిపించదు. కంచంలో లోహం తక్కువ, ఐసు కింద వెంటనే చల్లబడిపోతుంది. పైగా మన వంటింటి స్టీలు లోహాల్లో కాస్త బలహీనమైన వాహకం. పెనం దొరక్కపోతే మందపాటి అల్యూమినియం గిన్నె బోర్లించి దాని అడుగు మీద పెట్టండి. ఐసు ముక్కలు ఒకే ట్రేలోవి, ఒకేసారి ఫ్రిజ్‌లోంచి తీసినవి కావాలి.

ఐసు పెట్టకముందే రెండింటి ఉష్ణోగ్రతా థర్మామీటర్‌తో కొలిచి రాసి ఉంచుకోండి (ఐసు పెట్టాక పెనం చల్లబడుతుంది), గోల తగ్గాక ఆ అంకెలు చూపించండి. పెనం, పీట రెండూ గది ఉష్ణోగ్రతలోనే ఉంటాయి. మరి చేతికి ఎందుకు తేడా తెలిసింది? మన అరచేతి చర్మం సుమారు 33 డిగ్రీలు ఉంటుంది. గది 25 అనుకోండి. వేడి చేతిలోంచి పెనంలోకి పోతుంది, పీటలోకీ పోతుంది. ఇనుము ఆ వేడిని గబగబా లోపలికి లాగేసుకుంటుంది, చెక్క లాక్కోలేదు. వేడిని చేరవేయడంలో ఇనుము చెక్క కంటే వందల రెట్లు చురుకైనది. అంటే మన చేయి వస్తువు ఉష్ణోగ్రతని కొలవడం లేదు, తనలోంచి ఎంత వేగంగా వేడి పోతోందో చెప్తోంది. ఐసుకి జరిగిందీ ఇదే, బాణం మాత్రం ఇటు తిరిగింది. పెనం వేడిని గబగబా అందించింది, అందుకే కరిగింది. బోర్డు మీద రెండు బొమ్మలూ పక్కపక్కనే వేసి, బాణాలు పిల్లల చేతే వేయించండి.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించి ఒక ముఖ్యమైన విషయం. లోహం చల్లగా తగులుతుంది అనే కృత్యం చల్లటి దేశాల్లో ఏడాదంతా పనిచేస్తుంది. మన దగ్గర అలా కాదు. ఆదిలాబాద్‌లోనో అరకులోనో జనవరి ఉదయం చేస్తే అద్భుతంగా వస్తుంది. ఒంటిపూట బడుల రోజుల్లో పదకొండు గంటలకి చేస్తే గది 33, 34 డిగ్రీలు ఉంటుంది. చర్మం, లోహం ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు వేడి ఎటూ పోదు, రెండూ ఒకేలా తగులుతాయి. పిల్లలు "ఏం తేడా లేదు టీచర్" అంటారు. చాలామంది ఉపాధ్యాయులు అప్పుడు "లేదు, సరిగ్గా చూడు, ఇనుము చల్లగా ఉంది కదా" అని పిల్లల చేత అబద్ధం చెప్పిస్తారు. దయచేసి అలా చేయకండి. పిల్లలు చెప్పింది నిజం. ఇంకా ఎండ ముదిరి రేకుల గది 38, 40 దాటితే ఫలితం తిరగబడుతుంది. నీడలోనే ఉన్నా ఇనుప బెంచీ చెక్క బెంచీ కంటే వేడిగా తగులుతుంది, ఎందుకంటే ఇప్పుడు వేడి బెంచీలోంచి చేతిలోకి వస్తోంది. వీలైతే అదే పెనాన్నీ పీటనీ డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి తాకించి రాయించండి. "ఇనుము చల్లటి వస్తువు" అన్న మాట అక్కడితో పోతుంది. ఐసు కృత్యం మాత్రం ఏ కాలంలోనైనా పనిచేస్తుంది, గది ఎప్పుడూ సున్నా కంటే ఎక్కువే కాబట్టి.

దుప్పటి సంగతికి రెండు చిన్న ప్రయోగాలు చాలు. మొదటిది దాదాపు ఖర్చు లేనిది. థర్మామీటర్‌ని ఒక ఉన్ని శాలువాలో చుట్టి బల్ల మీద పెట్టండి, ఇరవై నిమిషాల తర్వాత ఎంత చూపిస్తుందో ఊహించమనండి. నలభై అంటారు, యాభై అంటారు. తీసి చూస్తే పెట్టినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. శాలువా అంతకుముందు ఎవరూ కప్పుకుని ఉండకూడదు, చంకలో పెట్టుకుని తెచ్చినా ఆ వేడి చూపిస్తుంది. రెండోది, రెండు గ్లాసుల్లో సమానంగా ఐసు వేసి, ఒకదాన్ని అదే శాలువాలో చుట్టండి. వేడి పుట్టించే శాలువా అయితే ఐసు త్వరగా కరగాలి కదా? చుట్టినదే ఎక్కువసేపు ఉంటుంది. ఎంత నీరు కరిగిందో సూది లేని సిరంజితో తీసి కొలిపించండి. "కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ" అని రాసేవాళ్లు మిల్లీలీటర్లలో రాయడం మొదలుపెడతారు.

ఈ సందర్భంలో ఐసు వ్యాపారం కథ చెప్పండి. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఒక ఓడలో 180 టన్నుల గడ్డకట్టిన చెరువు ఐసు కలకత్తాకి బయల్దేరింది. మేలో బయల్దేరి, రెండు సార్లు భూమధ్యరేఖ దాటి, సెప్టెంబరులో చేరింది. కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు, అయినా సుమారు 100 టన్నులు మిగిలింది. చెన్నై బీచ్ దగ్గర ఐస్ హౌస్ అనే భవనం కూడా ఆ వ్యాపారం కోసం 1842లో కట్టిందే. ఓడలో ఐసుని కాపాడింది చెక్కలు, పొట్టు, గడ్డి లాంటి ఉష్ణ బంధకాలు, అంటే వేడిని సులువుగా పోనివ్వనివి. కథ అయ్యాక ఒక సవాలు ఇవ్వండి: ఒక్కో గ్రూపుకి ఒక ఐసు ముక్క, దాన్ని మధ్యాహ్న భోజనం బెల్ కొట్టే వరకు కాపాడాలి. రంపపు పొట్టు, ఊక, గోనె సంచి, పాత పేపర్లు, థర్మాకోల్, అరటి దొప్ప, ఏదైనా తెచ్చుకోవచ్చు, డబ్బు పెట్టి కొనకూడదు. మీరు చెప్పకుండానే వాళ్లే ఒకటి కనిపెడతారు: గట్టిగా నొక్కి కూరిన పొట్టు కంటే గాలి నిలిచేలా వదులుగా పెట్టింది మెరుగ్గా పనిచేస్తుంది. అసలు బంధకం ఆ చిక్కుకున్న గాలి. స్వెట్టరూ దుప్పటీ రెండూ అదే పని చేస్తాయి.

ఇప్పుడు వహనం అన్న పేరు చెప్పండి. తీగల మీద మైనం చుక్కలతో గింజలు అంటించి ఒక చివర వేడిచేసే ప్రయోగం మీకు తెలుసు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచన మీద ఇంగెన్‌హౌజ్ అనే డచ్ వైద్యుడు పద్దెనిమిదో శతాబ్దం చివర మైనం పూసిన లోహపు కడ్డీలతో చేసినదే అది. కిరణజన్య సంయోగ క్రియకి వెలుతురు కావాలని చూపించిన శాస్త్రవేత్త కూడా ఆయనే, పిల్లలకి చెప్పండి, సంతోషిస్తారు. ఎలక్ట్రీషియన్ దగ్గర రాగి తీగ, అల్యూమినియం తీగ, సెంట్రింగ్ వాళ్ల దగ్గర ఇనుప కట్టుడు తీగ దొరుకుతాయి. ఒకే మందం ఉండేలా చూసుకోండి, పలచటివైతే రెండు మూడు పోగులు మెలిపెట్టొచ్చు. రాగి ముందు, తర్వాత అల్యూమినియం, బాగా వెనక ఇనుము వస్తాయి. దీపం దగ్గర పని మీరే చేయాలి. ఆడపిల్లల చున్నీలు వెనక్కి ముడివేయించాలి, జడలు కూడా. మంట వద్దనుకుంటే వేడినీళ్లలో చెంచాలు నిలబెట్టి చేయొచ్చు. కానీ కొవ్వొత్తి మైనం దాదాపు 60 డిగ్రీల దగ్గర గానీ కరగదు. పిల్లల దగ్గర అంతకంటే వేడి నీళ్లు పెట్టడం మంచిది కాదు. మైనం బదులు వనస్పతి వాడండి. నెయ్యి మన వేసవిలో డబ్బాలోనే కరిగి ఉంటుంది, అది పనికిరాదు. అల్యూమినియం చెంచా, స్టీలు చెంచా, చెక్క గరిటె, ప్లాస్టిక్ చెంచా పెడితే స్టీలు ఎంత వెనకబడుతుందో చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. స్టీలు గిన్నెలకి అడుగున రాగి ఎందుకు వేస్తారో అప్పుడు అడగండి.

అదే తీగని ఏటవాలుగా కిందికి వంచి, పై చివర వేడిచేయండి. కింద ఉన్న గింజలూ రాలతాయి. ఇది తప్పకుండా చేయించండి, ఎందుకంటే తర్వాత వచ్చే సంవహనంలో "వేడి పైకి పోతుంది" అనే తప్పు వాక్యం పిల్లల నోట్లో స్థిరపడుతుంది. వేడి ఎటైనా పోతుంది. పైకి పోయేది వేడెక్కిన గాలి, వేడెక్కిన నీరు. వ్యాకోచించి తేలికైంది కాబట్టి చుట్టూ ఉన్న బరువైన చల్లటి నీరు దాన్ని పైకి నెడుతుంది.

సంవహనానికి నాకు బాగా నచ్చేది రెండు సీసాల ప్రయోగం. ఒకే రకం మూతి ఉన్న గాజు సీసాలు రెండు. ఒకదాన్లో మిఠాయి ఎర్ర రంగు కలిపిన వేడినీళ్లు, ఇంకోదాన్లో మామూలు చల్లటి నీళ్లు, రెండూ అంచుల దాకా నిండాలి. వేడిదాని మూతి మీద లామినేషన్ ముక్క పెట్టి, బోర్లించి, చల్లటిదాని మీద నిలిపి, ముక్కని మెల్లగా లాగేయండి. ఎర్ర నీళ్లు పైనే ఉండిపోతాయి, కిందికి దిగవు. మరో జత తీసుకుని ఈసారి వేడిది కింద, చల్లటిది పైన పెట్టి లాగండి. క్షణాల్లో ఎర్రటి తీగల్లా పైకి ఎగబాకి రెండు సీసాలూ కలిసిపోతాయి. ఊహ రాయడం ఇక్కడ మరీ ముఖ్యం. కింద పళ్లెం పెట్టుకోండి, మొదటిసారి నీళ్లు కారతాయి.

ఇది చూశాక వాటర్ హీటర్ రాడ్ గురించి అడగండి. బకెట్‌లో రాడ్ పైన సగం వరకే మునిగితే పైనీళ్లు పొగలు కక్కుతుంటాయి, అడుగున నీళ్లు చన్నీళ్లలాగే ఉంటాయి. చలికాలం స్నానం చేసిన ప్రతి పిల్లాడికీ తెలుసు ఇది. కారణం చెప్పడం మాత్రం ఇప్పుడే వస్తుంది: పైన వేడెక్కిన నీరు పైనే ఉంటుంది, కిందికి చేరాలంటే వహనం ఒక్కటే దారి, నీరేమో చాలా బలహీనమైన వాహకం. కరెంటు రాడ్‌తో క్లాసులో ఏదీ చేయొద్దు, మాట్లాడితే చాలు. చూపించాలంటే పరీక్షనాళిక అడుగున ఐసు ముక్క వేసి, పైకి తేలకుండా దాని మీద చిన్న ఇనుప నట్టు పెట్టి నీళ్లు పోయండి. నాళికని ఏటవాలుగా పట్టుకుని పైభాగాన్ని మీరు వేడిచేయండి. పైన నీళ్లు మరుగుతుంటాయి, అడుగున ఐసు అలాగే ఉంటుంది.

సముద్రపు గాలి, భూపవనం (నేల వైపు నుంచి సముద్రం మీదికి వీచే గాలి) కూడా సంవహనమే, క్లుప్తంగా చెప్తాను. రెండు పళ్లేలు, ఒకదాన్లో 200 గ్రాముల ఇసుక, ఇంకోదాన్లో 200 మిల్లీలీటర్ల నీళ్లు, అరగంట ఎండలో, తర్వాత నీడలో, పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత. ఇసుక గబగబా ఎక్కి గబగబా దిగుతుంది. కాకినాడ, మచిలీపట్నం వైపు పిల్లలైతే మధ్యాహ్నం ఏ వైపు నుంచి గాలి వస్తుందో, తెల్లవారుజామున ఎటు వీస్తుందో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకురమ్మనండి.

వికిరణం దగ్గర పుస్తకాలూ వీడియోలూ ఒక చోట తప్పుదారి పట్టిస్తాయి, కాస్త వివరంగా చెప్తాను. నల్ల రంగు వేసిన డబ్బా, తెల్ల రంగు వేసిన డబ్బా ఎండలో పెడితే నల్లది ఎక్కువ వేడెక్కుతుంది. ఇది నిజం, తప్పకుండా చేయించండి. తర్వాత అదే డబ్బాల్లో వేడినీళ్లు పోసి నీడలో పెట్టి "నల్లది త్వరగా చల్లారుతుంది చూడండి" అంటారు. చూస్తే రెండూ దాదాపు ఒకేలా చల్లారతాయి. పిల్లల కొలతల్లో తప్పేమీ లేదు. కంటికి కనిపించే వెలుతురు విషయంలో తెల్ల రంగు, నల్ల రంగు వేరువేరు. కానీ వేడినీళ్ల డబ్బా వెదజల్లేది కంటికి కనిపించని పరారుణ కిరణాలు, ఆ విషయంలో తెల్ల పెయింటూ నల్ల పెయింటూ దాదాపు సమానం. నిజమైన తేడా మెరిసే లోహానికీ, నల్లటి ఉపరితలానికీ మధ్య ఉంటుంది. 1804లో స్కాట్లండ్‌కి చెందిన జాన్ లెస్లీ ఒక లోహపు ఘనంలో వేడినీళ్లు పోసి, ఒక్కో ముఖానికి ఒక్కో రకం పూత ఇచ్చి చూపించింది ఇదే. మీరు రెండు ఒకే రకం మెరిసే స్టీలు గ్లాసులు తీసుకుని ఒకదానికి బయట కొవ్వొత్తి మసి పట్టించండి. రెండింటిలో సమానంగా వేడినీళ్లు పోసి అట్టముక్క మూత పెట్టండి, ఫ్యాన్ ఆపేయండి. ఇరవై నిమిషాల్లో మసి గ్లాసు కొన్ని డిగ్రీలు ముందే దిగిపోతుంది.

డాబా మీద తెల్ల కూలింగ్ పెయింట్ ఎందుకు పనిచేస్తుందో కూడా దీనితోనే తెలుస్తుంది. పగలు ఎండని తిప్పికొడుతుంది, అదే సమయంలో స్లాబులోని వేడిని పరారుణ కిరణాలుగా బాగా వదిలేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మీ బడి డాబాకి సున్నం కొట్టించే అవకాశం ఉంటే, సగం కొట్టి సగం వదిలేసి, కింద రెండు గదుల్లో థర్మామీటర్లు పెట్టండి. ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదు.

కోవిడ్ తర్వాత చాలా బడుల్లో నుదుటి మీద చూసే థర్మామీటర్ గన్ ఉంది. దాంతో పెనం, పీట కొలుద్దామనుకుంటారు. జ్వరం చూసే గన్ సుమారు 32 నుంచి 42 డిగ్రీల మధ్యనే చూపిస్తుంది, వస్తువుల ఉష్ణోగ్రత చూసే మోడ్ ఉంటే దానికి మార్చండి. మెరిసే స్టీలు మీద అది తప్పు చూపిస్తుంది, ఎందుకంటే స్టీలు తక్కువ వికిరణం చేస్తుంది, చుట్టుపక్కల వస్తువుల వికిరణాన్ని పరావర్తనం చేస్తుంది. వేడినీళ్ల స్టీలు గ్లాసుకి ఒకచోట పేపర్ టేప్ అంటించి, టేప్ మీద ఒకసారి, స్టీలు మీద ఒకసారి చూపిస్తే అంకెల్లో పెద్ద తేడా వస్తుంది. చేత్తో తాకితే రెండు చోట్లా వేడే. చురుకైన పిల్లలకి ఇదే ఒక పరిశోధన. జ్వరం చూసే గాజు థర్మామీటర్‌ని మాత్రం వేడినీళ్లలో ముంచనివ్వకండి, పగిలి పాదరసం బయటికొస్తుంది.

పుస్తకాలని వరుసలో చేతులు మార్చుకోవడం వహనం, ఒకడు మోసుకెళ్లడం సంవహనం, విసిరేయడం వికిరణం అని ఆట ఆడిస్తుంటారు. ఆట మంచిదే, కానీ మొదట్లో వద్దు. ముందే ఆడితే పేర్లు గుర్తుంటాయి, వేడి గుర్తుండదు. పాఠం అంతా అయ్యాక పది నిమిషాలు ఆడించి, "ఈ ఆటలో నిజానికి సరిపోనిది ఏది?" అని అడగండి.

యాభై మందిని ఎనిమిది గ్రూపులు చేయండి. ఒకరు సామాను, ఒకరు కొలత, ఒకరు గడియారం, ఒకరు రాత. ఈ పనులు ప్రతి పీరియడ్ మార్చాలి, రాసి పెట్టుకుని మరీ మార్చాలి. లేకపోతే మగపిల్లలు థర్మామీటర్ పట్టుకుంటారు, చేతిరాత బాగుందని ఆడపిల్లలకి రాత పని పడుతుంది. వేడినీళ్లు మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మల దగ్గర దొరుకుతాయి, చేయి పెట్టగలిగేంత చల్లార్చాకే గ్రూపులకి ఇవ్వండి. పాఠం మధ్యలో ఎవరో ఒకరు తప్పకుండా మట్టికుండ నీళ్ల సంగతి అడుగుతారు. అది బాష్పీభవనం, కుండ ఉపరితలం నుంచి ఆవిరయ్యే నీరు లోపలి వేడిని తీసుకుపోతుంది. అక్కడికి చెప్పి, తర్వాతి పాఠానికి దాచి పెట్టండి.

పరీక్షలో నిర్వచనం అడగడం తప్పదు, అడగండి. దానితో పాటు ఈ ఒక్క ప్రశ్న కూడా ఇవ్వండి: ఏప్రిల్ మధ్యాహ్నం, రేకుల గదిలో గాలి 40 డిగ్రీలు. ఇనుప బెంచీ, చెక్క బెంచీ రెండూ నిన్నటి నుంచి అదే గదిలో నీడలో ఉన్నాయి. థర్మామీటర్ దేని మీద ఎంత చూపిస్తుంది? ఏది ఎక్కువ వేడిగా తగులుతుంది, ఎందుకు? బాణాలతో బొమ్మ వేయండి. రెండింటి మీదా 40 అని రాస్తే ఒక మార్కు, బాణం బెంచీ నుంచి చేతిలోకి వేస్తే ఒకటి, ఇనుము వేడిని త్వరగా అందిస్తుందని రాస్తే రెండు. బాణం తప్పు వేసిన పిల్లలు ఎవరో చూసుకుని, వాళ్లని మర్నాడు మళ్లీ పెనం, పీట, ఐసు దగ్గర కూర్చోబెట్టండి.